మల్లె తీగ పూయుటకు

మల్లె తీగ పందిరి నిండ అల్లుకొన్నను, వేసవిలో దోసెడు పూలైనను దక్కుట లేదని పలువురు చెప్పుచుందురు. అపురూపముగా పెంచిన తీగను కత్తిరించుటకు చేయి రాకపోవుటయే దీనికి తరచు కారణమని మా అభిప్రాయము. మల్లె కొత్త చిగుళ్ళమీదనే మొగ్గ తొడుగును. ముదిరిన కొమ్మ ఎంత పొడవు సాగినను ఆకులనే మోయును.

కావున నవంబరు మాసములో కొన్నాళ్ళు నీరు మానివేయవలెను. నెలాఖరున తీగలను నేలనుండి మూరెడెత్తు ఉంచి కత్తిరించి, ఎండుపుల్లలను ఏరివేయవలెను. పందిరి బోసిపోయినదని ఇంటివారు నొచ్చుకొనవచ్చును. మార్చి వచ్చువరకు వారిని ఓర్చుకొనుడని చెప్పుడు. పిమ్మట పాదు గుల్లచేసి, మొక్కకు 10 కిలోల చివికిన పశువుల ఎరువు వేసి నీరు పెట్టవలెను. పచ్చదనము చూచి మురిసి యూరియా ఒక్కటే గుమ్మరించుట తగదు. దానివలన ఆకు హెచ్చి పూత తగ్గును. మొక్కకు ఏటా 60 గ్రాముల నత్రజనితోపాటు భాస్వరము, పొటాష్ 120 గ్రాముల చొప్పున అందవలెను. ఇందు సగము కత్తిరింపు వేళను, సగము జూన్, జూలై మాసములలోను వేయుడు.

చెట్టు నీడనున్న తీగకు మాత్రము ఈ పాట్లేవియు ఫలింపవు. దానికి ఎండ కావలెను. పూలు అమ్మదలచినవారు విచ్చని మొగ్గలను తెల్లవారుజాముననే కోయవలెను.