నదీముఖ పట్టణములు: మెల్‌బోర్న్, నరసాపురము

ఉన్నత విద్యకై ఆస్ట్రేలియాకు వెళ్లదలచిన మన విద్యార్థి నెవరినైనను మెల్‌బోర్న్ గురించి అడిగి చూడుడు. సుమారు 250 కిలోమీటర్ల ట్రాము మార్గములు, 1877లో మొట్టమొదటి టెస్టు క్రికెట్ పోటీ జరిగిన మైదానము, 1880లో కట్టిన ప్రదర్శనశాల, యారా నది ఒడ్డున ఉద్యానవనములు, విశ్వవిద్యాలయములు అన్నియు గడగడ చెప్పును. పిదప నరసాపురము గురించి అడిగిన, అంతర్వేది తీర్థము పేరు చెప్పి ఆగిపోవును. తప్పు విద్యార్థిది కాదు. మన పాఠ్యగ్రంథములలో మన ఊరికి ఒక్క పుట అయినను లేదు.

ఈ రెండు ఊళ్లను పక్కపక్కన ఉంచి చూచుట కొందరికి హాస్యాస్పదముగా తోచవచ్చును. ఒకటి యాభై లక్షల జనముగల మహానగరము. రెండవది రైలు వచ్చి ఆగిపోవు చివరి స్టేషను. అయినను రెండును నది సముద్రములో కలియు తావునకు చేరువలో వెలసినవే. వయస్సులో మన ఊరే పెద్దది.

మెల్‌బోర్న్ పుట్టినది 1835లో. ఆ ఏడు జాన్ బాట్‌మన్ అనువాడు ఉరుంజెరి తెగ పెద్దలతో ఒడంబడిక చేసికొంటినని చెప్పి, దుప్పట్లు, కత్తులు, అద్దములు, పిండి వంటి వస్తువులిచ్చి, సుమారు 6 లక్షల ఎకరముల నేల తనదన్నాడు. గవర్నరు బోర్క్ ఆ ఒడంబడిక చెల్లదని ప్రకటించెను. నేల ఆ తెగవారిదన్న న్యాయముతో మాత్రము కాదు; అది ఇంగ్లండు రాజుదన్న వాదముతో. 1837లో నాటి బ్రిటిష్ ప్రధానమంత్రి మెల్‌బోర్న్ ప్రభువు పేరు ఆ ఊరికి పెట్టిరి.

ఇక మన వైపు చూతము. బాట్‌మన్ ఒడంబడికకు రెండు వందల ఇరువది ఏండ్లకు ముందే, 1614లో, ఇంగ్లీషు కంపెనీవారి గ్లోబు అను నౌక మరమ్మతుకై మన వశిష్ఠ గోదావరిలోనికి వచ్చినది. అందులోని వర్తకుడు పీటర్ ఫ్లోరిస్ వ్రాసికొన్న దినచర్య నేటికిని నిలిచియున్నది. అతడు మరమ్మతుకు ఇంత దూరము వచ్చుట ఊరకే కాదు. నాడు గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో నరసాపురము పేరుపడ్డ నౌకానిర్మాణ స్థలము. కలప నదిమీద తేలుచు వచ్చెడిది, ఇనుము దొరికెడిది, పని తెలిసిన వడ్రంగులు, కమ్మరులు ఇచ్చటనే ఉండెడివారు. బందరు పెద్ద రేవే అయినను ఓడను ఒడ్డునకు లాగి బాగుచేయుటకు నరసాపురమే అనువు. డచ్చివారును ఈ ప్రాంతమున స్థావరము ఏర్పరచికొనిరి. పాలకొల్లులోని వారి సమాధులు ఇప్పటికిని సాక్ష్యము.

ఉర్దూ, తెలుగు రెండును చదువుకొను మన కళాశాల విద్యార్థులు ఇచ్చట ఒక విషయము గమనించవలెను. లంగరు, సరంగు, ఖలాసీ అను మాటలు పారసీకమునుండియు అరబ్బీనుండియు వచ్చినవి. ‘బందరు’ అనగానే పారసీకములో ఓడరేవు. మనవారు దానిని ఏకముగా ఒక ఊరి పేరే చేసికొనిరి. ఇవి దర్బారు కవులు తెచ్చిన మాటలు కావు. ఒకే ఓడమీద తాడు లాగిన తెలుగు పల్లెకారు, ముస్లిము నావికుడు ఒకరి నోటినుండి ఒకరు అందుకొన్నవి. రుస్తుంబాద అను పేటపేరు పలుకునప్పుడు మనము సగము పారసీకము పలుకుచున్నామని ఎందరికి తెలియును?

మాధవాయిపాలెము సంగతి మరింత విచిత్రము. 17వ శతాబ్దిలో ఇంగ్లీషువారు అచ్చట వర్తకశాల నెలకొల్పి, చుట్టుపట్ల నేసిన మెత్తని నూలుగుడ్డ ఎగుమతి చేసిరి. వారి నోట ఆ ఊరు ‘మదపొల్లము’ అయినది; గుడ్డకును అదే పేరు నిలిచినది. తరువాత ఇంగ్లండు మిల్లులు అటువంటి గుడ్డనే నేసి అదే పేరుతో దేశదేశములకు అమ్మినవి. పేరు మనది, లాభము వారిది. ఐరోపా నిఘంటువులలో ‘మదపొలాం’ అను మాట నేటికిని కలదు. రేవు దాటుటకు పంటు కొరకు అచ్చట నిలిచియుండు మనవారిలో ఆ సంగతి ఎరిగినవారు అరుదు.

మరి ఒక నదీముఖము మహానగరమై, రెండవది వెనుకబడుటకు కారణమేమి? యారా నది మొదట ఏమంత గొప్ప నౌకామార్గము కాదు. లోతు తక్కువ, మలుపులు ఎక్కువ. కాని 1851లో విక్టోరియాలో బంగారము పడినది. పదేళ్లలో నగర జనసంఖ్య నాలుగింతలయినది. ఆ ధనముతో 1877లో రేవు సంస్థ ఏర్పడి, ఇంజనీరు జాన్ కూడ్ సూచన ప్రకారము నది మలుపును తప్పించు కాలువ త్రవ్వి 1886లో తెరచిరి. నది ఓడకు తగినది కాకున్న, నదినే మార్చిరి.

గోదావరిని అట్లు మార్చుట సామాన్యము కాదు. మధ్య భారతమునుండి తెచ్చు ఒండ్రునంతయు అది ముఖద్వారమున దిబ్బగా వేయును. లోతుగా మునుగు పెద్ద ఓడలు ఆ దిబ్బను దాటలేవు. మిల్లుగుడ్డ చేనేతను దెబ్బతీసినది; రేవు వ్యాపారము కాకినాడకు మరలినది. 1852లో పూర్తయిన ధవళేశ్వరము ఆనకట్టతో డెల్టా సంపద పొలమునకు, కాలువకు మారినది. అది నష్టమని ఎవరును అనలేరు. కడుపునిండ అన్నము పెట్టినది ఆ ఆనకట్టయే. కాని నౌకా వడ్రంగము మాత్రము పడవల తయారీకి కుదించుకొనిపోయినది.

ఇంకొక చిన్న పోలిక. 1901 నుండి 1927 వరకు ఆస్ట్రేలియా పార్లమెంటు మెల్‌బోర్న్‌లో సమావేశమయి, పిదప కాన్‌బెర్రాకు తరలినది. 2022లో జిల్లాల పునర్విభజన నాడు జిల్లాకేంద్రము నరసాపురమున ఉండవలెనని మనవారు ఉద్యమించిరి. అది భీమవరమునకు పోయినది. రాజధాని పోయినను మెల్‌బోర్న్ చిన్నబోలేదని చెప్పి మనవారిని ఓదార్చవచ్చును గాని, మనవద్ద బంగారు గనులు లేవు.

ఉన్నది లేసు. 19వ శతాబ్ది మధ్యకాలమున మిషనరీలు పేద క్రైస్తవ స్త్రీలకు నేర్పిన ఈ అల్లిక క్రమముగా ఇతర కులముల ఇండ్లలోనికిని ప్రవేశించినది. ఒకరు పువ్వులు అల్లుదురు, దానిని చేతిపని అందురు. మరొకరు వాటిని కలిపి కుట్టుదురు, అది అతుకుపని. జర్మను సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ 1970 దశకమున ఇచ్చట నివసించి పరిశోధించి, 1982లో ఈ స్త్రీలపై ఒక గ్రంథము ప్రకటించెను. ఆమె చూపిన సత్యము చేదైనది: దినమంతయు అల్లు స్త్రీ కార్మికురాలిగా లెక్కకు రాదు, ఇంట ఖాళీగా కూర్చున్న గృహిణి పొద్దుపుచ్చుటకు చేయు పనిగా దానిని చూచుటవలన కూలి అడుగంటినది. ఆ సరుకు ఐరోపాకు, అమెరికాకు, ఆస్ట్రేలియాకు కూడ ఎగుమతి అయ్యెడిది. మన వీధి అరుగుపై అల్లిన బల్లగుడ్డ మెల్‌బోర్న్ భోజనపు బల్లపై పరచియుండుట అసంభవమేమి కాదు. 2024లో నరసాపురము లేసునకు భౌగోళిక సూచిక లభించినది. ఇక మదపొల్లము కథ పునరావృతము కాకుండ, పేరుతోపాటు లాభమును అల్లినవారి చేతికి వచ్చునా అన్నది చూడవలసియున్నది. యంత్రపు లేసు చవకగా దొరకు నేటి కాలమున ఇది చిన్న ప్రశ్న కాదు.

కళాశాల సంఘము వారికి ఒక మనవి. ప్రతి ఏటి విహారయాత్రకు దూరనగరములకు బస్సు మాట్లాడుదురు. ఈ మారు ఒకనాడు మాధవాయిపాలెము రేవున పంటు ఎక్కి సఖినేటిపల్లి దాటి, అంతర్వేదిలో కోవెలయు, దీపస్తంభమును, వశిష్ఠ సముద్రములో కలియు ఇసుకదిబ్బయు చూపింపుడు. తిరుగుదారిలో పాలకొల్లు డచ్చి సమాధులును చూడవచ్చును. ఉర్దూ విభాగమువారు పడవవారి నోట మిగిలిన నౌకాపదములను, తెలుగు విభాగమువారు లేసు అల్లు వృద్ధస్త్రీల నోట పువ్వుల పేర్లను సేకరించినయెడల, వచ్చే సంచికలో రెండు పట్టికలను రెండు లిపులలోను ముద్రింపవచ్చును. ఆ పేర్లు ఎరిగినవారిలో పెక్కురు డెబ్బది దాటినవారు.