ఆత్మీయ ఎదుగుదల: హాజరు పట్టీ చాలదు



పిల్లలు ఎంత పొడవు పెరిగారో గోడమీద గీత గీసి చూస్తాం. చదువులో ఎంత ముందుకు వచ్చారో మార్కుల పట్టీ చెబుతుంది. క్రీస్తును నమ్మినవారు ఆత్మీయంగా ఎదిగారా లేదా అన్నది దేనితో కొలవాలి? ఉపకార వేతనం అందుకొని హాస్టలుకు పోయే పిల్లలున్న ఇంట ఈ ప్రశ్న తప్పదు. అమ్మ లేపితే చేసిన ప్రార్థన, అమ్మ లేనిచోట నిలుస్తుందా?

నా తప్పే ముందు చెబుతాను. ఇరవై ఏళ్ళకు పైగా నేను ఆదివారం ఆరాధన మానలేదు. బ్యాంకులో హాజరు పట్టీలో సంతకం పెట్టినట్టే గుడికీ వెళ్ళేవాడిని. అదే కాలంలో పొలం గట్టు తగాదాతో సొంత తమ్ముడితో ఆరేళ్ళు మాట్లాడలేదు. కానుక తెచ్చినవాడు తనమీద సహోదరునికి ఏదో మనస్తాపం ఉందని తలచుకుంటే, కానుకను బలిపీఠం ముందే విడిచి మొదట వెళ్ళి సమాధానపడాలని యేసు కొండమీది ప్రసంగంలో బోధించాడు. ఆ మాట ఎన్నోసార్లు విన్నాను. ఒక ఆదివారం మాత్రం కానుక సంచి నా ముందుకు వచ్చినప్పుడు చెయ్యి ఆడలేదు. ఆ సాయంత్రమే తమ్ముని ఇంటికి వెళ్ళాను. “రా అన్నా, కూర్చో” అన్నాడు, అంతే. కాని ఆ ఆరేళ్ళలో వాడి పిల్లలు పెద్దవాళ్ళైపోయారు. ఆ కాలం మళ్ళీ రాలేదు.

హాజరు వేరు, ఎదుగుదల వేరు అని నాకు అప్పుడు తెలిసింది.

ఒక జీవిత పాఠం

మన సూలూరు ఇళ్ళలో మాట తెలుగు, బడి చదువు తమిళం. ఈ రెండు భాషల నడుమ బ్రతికిన ఒక దైవసేవకుణ్ణి మన పిల్లలు తెలుసుకోవాలి. ఆయన వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి సీమలోని వెళ్ళాళన్‌విళైలో 1874లో పుట్టాడు. తండ్రి పల్లె గుడి బోధకుడు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివినా, చివరి పరీక్ష వేళ జబ్బు చేయడంతో డిగ్రీ చేతికి రాలేదు. పరీక్షలో వెనుకబడి కుంగిపోయే విద్యార్థులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అదే మనిషికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

1909లో ఆయన నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు సేవకు వెళ్ళాడు. ముప్పై అయిదేళ్ళ వయసులో, తనది కాని తెలుగు నేర్చుకొని ఆ భాషలోనే బోధించాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. 1945లో కన్నుమూసేవరకు డోర్నకలే ఆయన ఊరు.

సంఘంలో చేరినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు, చదువు రానివారు. పగలంతా పొలం పని. అందుకే పల్లె ఉపాధ్యాయులు సాయంత్రాలు బైబిలు కథలు చెప్పి, పాటలు పాడించి, ప్రార్థనలు కంఠస్థం చేయించేవారు. రోజుకు కొంచెం, మళ్ళీ మళ్ళీ. బాప్తిస్మం పొందినవారిని తమ చెయ్యి తమ తలమీద పెట్టుకొని, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పలకమనేవాడు అజరయ్య. విన్నది నడతలో కనబడాలని ఆయన పట్టుదల.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన తెల్లదొరల ఎదుటే ఒక మాట అన్నాడు: మీ త్యాగాన్ని మరువం, కాని మాకు స్నేహితులు కావాలి. దానం చేసే చెయ్యి సమానంగా పక్కన కూర్చోబెట్టుకోకపోతే ప్రేమ పూర్తి కాదని దాని భావం. ఎదుగుదలకు కొలత ఇదే: మన పక్క మనిషితో మనం ఎలా ఉన్నాం?

ఇంట్లో చేయదగినవి

1. వాక్యం: మార్కు సువార్తలో 16 అధ్యాయాలే. రోజుకు ఒకటి చదివితే 16 రోజుల్లో పూర్తవుతుంది. సామెతలు 31 అధ్యాయాలు, నెలకు సరి. తమిళంలో చదివినా, తెలుగులో చదివినా సరే. అర్థం చేసుకొని చదవాలి.

2. ప్రార్థన: మన అవసరాలతో పాటు రోజూ ముగ్గురి పేర్లు చెప్పండి. వారిలో ఒకరు మనకు నచ్చనివారై ఉండాలి.

3. ఇవ్వడం: మిజోరంలో క్రైస్తవ స్త్రీలు వంట చేసే ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం దేవుని పని కోసం పక్కన పెడతారు. 1910లో మొదలైన ఆ అలవాటు అక్కడి సంఘాలను నిలబెట్టింది. పిడికెడు లేని ఇల్లు ఉండదు. డబ్బు లేని విద్యార్థి అరగంట ఇవ్వవచ్చు, చిన్న తరగతి పిల్లవాడికి లెక్కలు చెప్పవచ్చు. తలాంతుల ఉపమానంలో యజమాని తప్పుపట్టింది పోగొట్టినవాణ్ణి కాదు, పాతిపెట్టినవాణ్ణి. కనీసం సాహుకార్ల దగ్గరైనా వేయలేదేమని అడిగాడు. ఉపకార వేతనం కూడా అలాంటి సొమ్మే.

4. సహవాసం: హాస్టలుకు వెళ్ళిన మొదటి వారంలోనే దగ్గరున్న సంఘాన్ని వెతుక్కోండి. రెండో నెలకు వాయిదా వేస్తే ఆ అలవాటు పోతుంది.

5. రాత్రి లెక్క: బ్యాంకులో ఆ రోజు లెక్క ఆ రోజే సరిచూడాలి. రేపటికి వదిలితే తప్పు ఎక్కడుందో దొరకదు. పడుకొనేముందు అయిదు నిమిషాలు ఆలోచించండి: ఈ రోజు ఎవరిని నొప్పించాను? ఎవరికి క్షమాపణ చెప్పాలి?

తల్లిదండ్రులకు ఒక మనవి. ప్రార్థన చేయమని పిల్లలకు చెప్పడం కంటే, మీరు చేస్తుండగా వాళ్ళు చూడటం మేలు. మీరు పొరుగువారితో రాజీపడటం కూడా వాళ్ళ కళ్ళబడాలి.

కుటుంబంగా మాట్లాడుకోవడానికి

• మన ఇంట మాటలు మానుకున్న బంధువు ఎవరైనా ఉన్నారా? మొదటి అడుగు ఎవరు వేస్తారు?

• అజరయ్య పరాయి భాష నేర్చుకొన్నట్టు, ఇతరుల కోసం మనం నేర్చుకోవలసింది ఏమిటి?

తెలుగు చదవడం రాని పిల్లలకు పెద్దలు ఈ పాఠం చదివి వినిపించండి. ఆ పావుగంట కూడా ఎదుగుదలకే.