అకస్మాత్తుగా ఆప్తులను పోగొట్టుకున్నవారికి తోడుగా

ధ్యాన భాగాలు: యోబు 2:11–13, యోహాను 11:17–37



చాలాకాలం మంచం పట్టిన వ్యక్తి మరణిస్తే ఇంటివారి మనసు కొంతైనా సిద్ధపడి ఉంటుంది. పొద్దున బండి మీద పనికి వెళ్ళిన మనిషి సాయంత్రానికి లేడని ఫోను వస్తే అలా ఉండదు. అలాంటి కబురు మీ స్నేహితురాలికి వచ్చిందనుకోండి. ఏం మాట్లాడాలో తెలియక కొందరు వెళ్ళడమే మానేస్తారు. కొందరు వెళ్ళి మరీ ఎక్కువ మాట్లాడతారు.

యోబు స్నేహితులను మనం ప్రసంగాల్లో విమర్శిస్తూ ఉంటాం గాని, వారు మొదట చేసిన పని చాలా మంచిది. పదిమంది పిల్లలను ఒకే రోజు పోగొట్టుకున్న యోబు దగ్గరకు వచ్చి, ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు ఆయనతో నేలమీద కూర్చున్నారు. ఒక్క మాటా మాట్లాడలేదు. ఇదంతా ఎందుకు జరిగిందో వివరించడం మొదలుపెట్టాకే తప్పులో పడ్డారు. చివరి అధ్యాయంలో దేవుడు కోపించింది వారి మీదే. ఇచ్చినవాడూ తీసుకున్నవాడూ దేవుడే అన్న మాటను భూస్థాపనల్లో తరచుగా వింటాం. అది యోబు తన దుఃఖంలో తానే అన్న మాట. పక్కనున్నవారు ఆయనకు చెప్పలేదు. మీ స్నేహితురాలు అంటే ఆమెన్ అనండి. ఆమె అనకముందే మీరు అనకండి.

“విశ్వాసులు ఏడవకూడదమ్మా” అనడం కూడా సరికాదు. పౌలు థెస్సలొనీకయులకు రాసింది, నిరీక్షణ లేనివారిలా దుఃఖపడవద్దని. దుఃఖమే వద్దని ఆయన రాయలేదు. బేతనియలో మార్త, మరియ ఇద్దరూ ప్రభువుతో ఒకే ఫిర్యాదు చేశారు: మీరు ఉండి ఉంటే మా తమ్ముడు బ్రతికేవాడని. ఆయన ఇద్దరినీ గద్దించలేదు. మార్త మాట్లాడింది, ఆమెతో మాట్లాడాడు. మరియ ఏడ్చింది, ఆమెతో కలిసి కన్నీరు విడిచాడు. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు. కాబట్టి “దేవుడు ఎందుకిలా చేశాడు?” అని ఆమె అడిగితే జవాబు వెతకవద్దు. చేయి పట్టుకోండి. ప్రార్థన చేయమంటావా అని అడిగి, సరే అంటే రెండు నిమిషాలు చేయండి.

ఇప్పుడు శరీరం సంగతి. మొదటి రోజుల్లో కొందరికి కన్నీళ్ళే రావు. అది షాక్, కఠిన హృదయం అనుకోకండి. చచ్చిపోతే బాగుండునన్న ఏలీయాకు దూత మొదట ఇచ్చింది రొట్టె, నీళ్ళు. తిన్నాక మళ్ళీ పడుకోనిచ్చాడు. మీరూ గంజో, మజ్జిగో దగ్గర కూర్చుని తాగించండి. బీపీ, షుగర్ మాత్రలు వేసుకున్నారా అని అడగండి. ఇన్సులిన్ తీసుకునేవారు అన్నం తినకపోతే డాక్టరును అడిగి మోతాదు తెలుసుకోవాలి. సొంతగా మానడమూ ప్రమాదమే, ఎప్పటిలా వేసుకోవడమూ ప్రమాదమే. పక్కింటివారి నిద్రమాత్రలు ఇవ్వకండి. ఛాతీనొప్పి, ఆయాసం వస్తే “బాధవల్లేలే” అని వదిలేయకండి. తీవ్రమైన దుఃఖంలో గుండె కండరం అకస్మాత్తుగా బలహీనపడే జబ్బు ఉంది. జపాను డాక్టర్లు 1990లో దానికి టాకోట్సుబో అని పేరు పెట్టారు. ముట్లు ఆగిన స్త్రీలలో ఎక్కువ. చూడటానికి గుండెపోటులాగే ఉంటుంది, పరీక్షలు చేస్తేనే తేడా తెలుస్తుంది. వెంటనే 108కి ఫోను చేయండి.

పిల్లలతో జాగ్రత్త. మనం “ప్రభువునందు నిద్రించారు” అంటాం. చిన్నపిల్లలకు అలా చెబితే రాత్రి పడుకోవడానికి భయపడతారు. నాన్న చనిపోయారు, తిరిగి రారు, నేను నీతో ఉన్నాను అని సూటిగా చెప్పండి.

“ఏదైనా కావాలంటే చెప్పు” అంటే ఎవరూ చెప్పరు. ప్రమాద మరణమైతే పోలీసు కాగితాలు, పోస్టుమార్టం ఉంటాయి. మార్చురీ దగ్గర ఒకరు నిలబడాలి. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము ఉండదు. వీటిలో ఒక పని మీరే తీసుకోండి.

ఆదరణ కూడిక అయిపోయాక బంధువులు బస్సెక్కుతారు. అసలు ఒంటరితనం అప్పుడే మొదలవుతుంది. మూడో నెలలో వెళ్ళండి. మొదటి క్రిస్మస్‌కు వెళ్ళండి. పోయిన మనిషి పేరు ఎత్తితే ఏడుస్తుందని భయపడకండి. ఆ పేరు ఎవరూ పలకకపోవడమే ఆమెకు ఎక్కువ బాధ.

“నేనూ ఆయన దగ్గరకే పోతాను” అంటే, ప్రాణం తీసుకోవాలని అనుకుంటున్నావా అని నేరుగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లోని పురుగుల మందు, మాత్రలు తీసేయండి, ఆసుపత్రికి తీసుకురండి. 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కు రాత్రింబగళ్ళు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఆరు నెలలు దాటినా దుఃఖం ఏమాత్రం తగ్గక, రోజువారీ పనులు చేసుకోలేకపోతే దానికి చికిత్స ఉంది. డాక్టరు దగ్గరకు వెళ్ళడం అవిశ్వాసమని సంఘంలో ఎవరైనా అంటే, లూకా కూడా వైద్యుడేనని చెప్పి, ఓపీకి మీరే వెంటబెట్టుకుని రండి.