కుళ్ళు అను మాట – రైతు గుర్తించవలసిన తేడాలు

మన భాషలో వస్తువు చెడిపోవుటను తెలుపు మాటలు చాలా కలవు. కుళ్ళు, మురుగు, పుచ్చు, ముక్కు, చివుకు, మాగు – ఒక్కొక్క మాట ఒక్కొక్క విధమైన మార్పును చెప్పును. అయితే మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో పంటకు ఏమి జరిగినను "కుళ్ళింది" అను ఒక్క మాటతోనే సరిపెట్టుట తరచుగా వినబడును. "సార్, తోట కుళ్ళిపోతాంది, ఏదన్న మందు రాసియ్యుండ్రి" అని అడుగుదురు. మాట ఒకటే అయినను దాని వెనుక కారణములు నాలుగైదు ఉండవచ్చును. కారణము తెలియక మందు కొట్టినచో మందు డబ్బు పోవును, పంటయు పోవును.

వాడుకలో ఈ మాటలు

తడిగల వస్తువు రంగు మారి, మెత్తబడి, కంపు కొట్టుట కుళ్ళుట. కాయ, పండు, దుంప, వేరు కుళ్ళును. గుడ్డు మురిగిపోవును, నిలిచిన నీరు మురుగును. వండిన అన్నము పాచిపోవును. నిలువ బియ్యము చెమ్మ తగిలి ముక్కిపోవును. పప్పుగింజను పురుగు తొలిచినచో పుచ్చిపోయినదందురు. ఆకు, గడ్డి, పేడ క్రమముగా పొడియై మట్టివలె మారుట చివుకుట. కాయ మాగి పండగును. పెంట మాగి ఎరువగును.

మనుషుల విషయములోను ఈ మాట కలదు. పొరుగువాడు బాగుపడిన ఓర్వలేనివానిని కుళ్ళుబోతు అందురు. దుఃఖము పట్టలేనివారు కుళ్ళి కుళ్ళి ఏడ్చిరందురు. రెండింటను లోలోపల పాడగుట అను భావమే ఉన్నది. పంటలోను అంతే. పైకి కనబడు కుళ్ళు తరచుగా వేరు వద్దనో, లోపలనో ముందే మొదలై యుండును. కావున మందు అడుగుటకు ముందు మొక్కను పీకి, కాయను కోసి చూడవలెను.

క్రిములు కలిగించు కుళ్ళు

టమాట, వంగ, మిరప నారుమళ్ళలో మొలకలు నేలకు ఆనుకొన్నచోట మెత్తబడి, గుంపులు గుంపులుగా పడిపోవును. ఇది నారుకుళ్ళు. నేలలోనుండు బూజు జాతి సూక్ష్మజీవులు దీనికి కారణము. నీరు నిలుచుట, విత్తనము ఒత్తుగా చల్లుట వాటికి బలము. మడిని 15 సెంటీమీటర్ల ఎత్తున కట్టి, పలుచగా వరుసలలో విత్తవలెను. కిలో విత్తనమునకు 4 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి పట్టించవలెను. తెగులు కనబడినచో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మడి తడియునట్లు పోయవలెను. ఈ మందు పోసిన మడిలో వెంటనే ట్రైకోడెర్మా కలుపరాదు; అది చచ్చిపోవును.

క్రిమి లేని కుళ్ళు

టమాట కాయకు తొడిమ ఉన్నవైపు గాక, అడుగువైపున గోధుమరంగు మచ్చ పుట్టి, నల్లబడి, తోలువలె గట్టిపడి లోనికి దిగిపోవుట చూచియుందురు. దీనిని అడుగు కుళ్ళు అందురు. ఇది క్రిమి వలన వచ్చునది కాదు. నేల ఒకసారి ఎండి, ఒకసారి ముంచెత్తునట్లు తడియుట వలన కాయకు సున్నపు ధాతువు, అనగా కాల్షియం, సరిగా అందదు. యూరియా మితిమీరి వేసిన తోటలో ఇది ఎక్కువగును. తెగుళ్ళ మందు ఎన్నిసార్లు కొట్టినను ఇది తగ్గదు. తడులు సమముగా ఇచ్చి, మొదళ్ళ వద్ద గడ్డి కప్పి, లీటరు నీటికి 5 గ్రాముల కాల్షియం క్లోరైడ్ కలిపి చల్లినచో కొత్త కాయలు బాగుపడును.

కుళ్ళు వెనుక పురుగు

వంకాయపై సన్నని రంధ్రముండి, లోపల పురుగు మలము కనబడినచో అది పుచ్చు. తరువాత ఆ రంధ్రము గుండా తడి, క్రిములు చేరి కాయ కుళ్ళును. పుచ్చిన కాయలను, వాలిన కొమ్మ చివరలను తుంచి నాశనము చేయుట మొదటి వైద్యము.

వరిలోను ఇట్టి పొరపాటు కలదు. పోటాకు తొడిమపై గోధుమరంగు మచ్చలు వచ్చి, కంకి సగమే బయటపడినచో అది పొట్టకుళ్ళు తెగులు. కంకి పూర్తిగా వచ్చి తెల్లగా ఎండి, లాగినంతనే ఊడివచ్చినచో అది కాండము తొలుచు పురుగు పని. మొదటిదానికి తెగులు మందు, రెండవదానికి పురుగుమందు. ఒకదానికి బదులు మరొకటి పనిచేయదు.

మనకు కావలసిన కుళ్ళు

అన్ని కుళ్ళులు చేటు కావు. పెంట సరిగా మాగనిదే పొలమునకు బలము లేదు. పచ్చిపెంట తోలినచో వేరుపురుగు, చెదలు, కలుపు విత్తులు వెంట వచ్చును. చివకని గడ్డి నేలలో పడినచో దానిని కుళ్ళబెట్టు సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తామే వాడుకొనును, పైరు పచ్చబడును. పచ్చి కోళ్ళ ఎరువు వేడికి లేతవేర్లు మాడును. మాగిన పెంట నల్లగా, పొడిపొడిగా ఉండి, తొలకరి మట్టి వాసన వేయును. కుప్పలో చేయి పెట్టిన వేడి తగలదు.

అట్టి పెంట 90 కిలోలు, వేపపిండి 10 కిలోలు, ట్రైకోడెర్మా 2 కిలోలు కలిపి, నీరు చిలకరించి, నీడలో గోనెపట్టా కప్పి వారము పదిరోజులుంచి వేసినచో వేరుకుళ్ళు తగ్గును. మంచి కుళ్ళుతో చెడ్డ కుళ్ళును అణచుట అనగా ఇదియే.

మన కూరగాయలు చేరు బోయినపల్లి మార్కెట్‌లో కుళ్ళిన సరకు నుండి గ్యాసు తీసి విద్యుత్తు చేయు యంత్రశాలను నెలకొల్పిరి. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ ఆ పద్ధతిని రూపొందించినది. రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థము నుండి సుమారు 500 యూనిట్లు వచ్చుచున్నట్లు 2021 జనవరిలో ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగములో తెలిపిరి. పారవేయు కుళ్ళుకును విలువ గలదనుటకు ఇది దగ్గరి నిదర్శనము.

రైతు సోదరులకు, గ్రామాధికారులకు మనవి. "కుళ్ళింది" అని మాత్రమే చెప్పవద్దు, వ్రాయవద్దు. ఏ భాగము చెడినది, మెత్తగానున్నదా గట్టిగానున్నదా, రంధ్రము కలదా, కంపు కలదా, పొలములో నీరు నిలిచినదా – ఈ ఐదును చూచి చెప్పుడు. చెడిన మొక్కను వేరుతో సహా తీసి రైతువేదికలోని వ్యవసాయ విస్తరణ అధికారికి చూపుడు. మాట సరిగానున్ననే మందు సరిగానుండును.