వెలుగునీడల నడుమ బుల్‌డోజరు

మండుటెండలో నిలిచిన బుల్‌డోజరును ఛాయాచిత్రము తీయుట సులభము కాదు. పసుపు రేకులు మిరుమిట్లు గొలుపుచుండగా, చైను చక్రముల సందులు చీకటిలో మునిగియుండును. ఒక్క ఎక్స్‌పోజరులో రెండును పట్టుబడవు. అందుచే కెమెరాను ట్రైపాడుపై నిలిపి, అపర్చరు మార్చక, సెకనులో 500వ వంతు, 125వ వంతు, 30వ వంతు కాలములతో మూడు చిత్రములు తీసి కలుపుదురు. ఒక్కొక్కదానికి ముందుదానికన్న సుమారు నాలుగు రెట్లు వెలుగు అందును.

ఈ ఉపాయము క్రొత్తది కాదు. 1850 దశకములోనే ఫ్రాన్సు దేశీయుడు గుస్తావ్ లె గ్రే సముద్రమునకొకటి, ఆకాశమునకొకటిగా రెండు నెగటివులను జోడించెను.

ఇంజను మాత్రము ఆగియుండవలెను. లేనిచో పొగయు, అదురును మూడింట మూడు తీరులుగా పడి దయ్యపు నీడలగును. కొందరు తుప్పునకు సైతము మితిమీరి మెరుగులు దిద్దుదురు. అది నాకు రుచింపదు. చట్రమును పరీక్షించుటకు తీసిన చిత్రములో అట్టి మెరుగు చిన్న గీతను పగులుగా భ్రమింపజేయవచ్చును. కనుక కలుపక ముందటి మూడు చిత్రములను గూడ భద్రపరుపవలెను.