తూర్పారబట్టిన సత్యము

అమెరికా దేశమున న్యూయార్కు రాష్ట్రములో 1854లో జన్మించిన రిచర్డు ఎలీ, 1881 మొదలు బాల్టిమోరు నగరమున అర్థశాస్త్రమును బోధించెను. కళాశాల గడప త్రొక్కు భాగ్యము లేనివారికై షటాక్వా సంస్థ ఇంటిచదువు నేర్పాటుచేయగా, వారికొఱకు ఆయన 1889లో అర్థశాస్త్ర ప్రవేశిక నొకదానిని రచించెను. ఎదుట లేని శిష్యుని సందేహమును ముందే ఊహించి సమాధానము వ్రాయవలెను గదా! అది తరగతిలో బోధించుటకంటె కష్టము.

1892లో ఎలీ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున చేరెను. రెండేండ్లకే ఆ రాష్ట్ర విద్యాధికారి, ఎలీ సమ్మెలను ప్రోత్సహించుచున్నాడనియు, ఆయన గ్రంథములు ఆస్తిపై దాడిని సమర్థించుచున్నవనియు పత్రికాముఖమున నింద మోపెను. విచారణ జరిగెను. పదవి పోయినచో పరువుకూడ పోవును. విచిత్రమేమనగా, ఎలీ తన భావస్వేచ్ఛకై వాదింపలేదు; ఆ నేరములే నిజమైనచో తాను ఆచార్యపదవికి తగననెను. నేరములు నిలువలేదు. ఆయన అడుగని స్వేచ్ఛను పాలకవర్గమే ప్రకటించెను: ధాన్యమును చెరిగి తూర్పారబట్టినట్లు సత్యమును నిర్భయముగా తేల్చు పనిని విశ్వవిద్యాలయము సాగింపవలెను. 1915లో ఆ ప్రకటన గల కంచుఫలకమును అచ్చటి భవనమున అమర్చిరి.

పిమ్మట ఎలీ దృష్టి భూమిపై నిలిచెను. పట్టణములోని ఇంటిస్థలమునకు వెల యెట్లు కలుగును? బాట పడినను, రైలు వచ్చినను, యజమాని చెమటోడ్చకయే స్థలము ధర పెరుగును. ఇట్టి విషయములను పరిశీలించుటకు 1920లో ఆయన ఒక పరిశోధనాలయమును స్థాపించెను. 1924లో మోర్‌హౌసుతో కలిసి భూమి అర్థశాస్త్రముపై గ్రంథమును వెలువరించెను. మరుసటి యేడు ఆయన ఆరంభించిన పత్రిక, 1943లో ఆయన మరణించిన తరువాత పేరు మార్చుకొని, విస్కాన్సిన్ నుండి నేటికిని వెలువడుచున్నది.