పెరటిలో వస

ఎడతెగక మాట్లాడే పిల్లవాణ్ణి చూచి “వీడికి వస ఎక్కువ పోశారు” అని పెద్దలు నవ్వుకోవడం మన ఇళ్ళలో పరిపాటి. అయితే అంగడిలో ఎండిన వసకొమ్ము కొన్నవారే గాని, పచ్చని మొక్కను చూచినవారు అరుదు.

గుర్తించుట: గురుకులంలో మా గురువుగారు ముందుగా ఆకును నలిపి వాసన చూడమనేవారు. వస ఆకు కత్తివలె ఉంటుంది. పూలతోటలలో పెంచే ఐరిస్ ఆకూ అట్లే ఉంటుంది. నలిపినప్పుడు ఘాటైన పరిమళం వచ్చేది వస. అందుకే సంస్కృతంలో దానికి ‘ఉగ్రగంధ’ అని పేరు. ఐరిస్ ఆకుకు ఆ పరిమళం లేదు. దాని పూలు పెద్దవి, కంటికి ఇంపైనవి. వసకు వేలివంటి కంకి మాత్రమే వస్తుంది. ఐరిస్ పచ్చిదుంప తింటే వాంతులు, విరేచనాలు కలుగుతాయి. కనుక ఒకదానికి బదులు మరొకటి వాడరాదు.

నాటుట: వస బహువార్షికం, తడినేల మొక్క. తొలకరి తరువాత, మొలక కన్ను ఉన్న కొమ్ము ముక్కలను జానెడున్నర ఎడంగా, రెండంగుళాల లోతున నాటవలెను. బావి గట్టు, స్నానాల గది నీరు పారే చోటు అనుకూలం; సబ్బు నీరు మాత్రం చేరరాదు. పెరడు లేనివారు అడుగున రంధ్రం లేని వెడల్పు తొట్టిలో బంకమన్ను, పశువుల ఎరువు కలిపి నాటవచ్చును. మన్ను ఎన్నడూ ఆరరాదు. దోమలు చేరకుండా పైన నీరు నిలువనీయరాదు. సుమారు ఏడాదికి ఆకులు పండి ఎండనారంభించగానే కొమ్ములు త్రవ్వి, పీచువేళ్ళు తీసి, ముక్కలుగా కోసి నీడలో ఆరబెట్టవలెను. కన్నులున్న కొన్ని ముక్కలను తిరిగి నాటితే మొక్క తరతరాలు నిలుస్తుంది.

ముఖ్య హెచ్చరిక: పెరటిలో పండినంత మాత్రాన వస నిరపాయం కాదు. మాత్ర మించితే అది వమనకారి. వైద్యులు గోమూత్రాదులతో శోధించి, తూచి వాడే ద్రవ్యమది. మన దేశపు వసలో అధికంగా ఉండే బీటా అసరోన్ ఎలుకలలో కణితులు కలిగించినట్లు పరీక్షలలో తేలింది. 1968లో అమెరికా ఆహార పదార్థాలలో వస వాడకాన్ని నిషేధించింది.

వృత్తి తొలినాళ్ళలో, శిశువుకు వస అరగదీసి నాకించవచ్చునా అని అడిగిన తల్లులకు నేనూ సరేనన్నాను. ఒకనాడు వస ఎక్కువై, వాంతులతో వాడిపోయిన పసికందును నా ముందు పడుకోబెట్టారు. బిడ్డ కోలుకున్నది గాని, ఆ రాత్రి నాకు నిద్ర లేదు. అప్పటి నుండి ఎవరికీ సరే అనలేదు. ఆరు నెలల వరకు బిడ్డకు తల్లిపాలే చాలు. ఆ పైననైనా, గర్భిణులకైనా, వైద్యుడు చూడనిదే వస ఇవ్వరాదు.

మొక్కను పెంచండి, పిల్లలకు వాసన చూపించి గుర్తు పట్టడం నేర్పండి. నోటికి అందించే పని మాత్రం వైద్యునికి విడిచిపెట్టండి.